అబద్ధానికి అంటని రేకు

పొద్దున్నే రేకులత్తయ్య చేసే మొదటి పని ఫ్యాను ఆపెయ్యడం. తర్వాత కిటికీలు మూసి, తలుపు దగ్గరగా వేసి, లోపలికొచ్చిన వాళ్లందరికీ ఒకటే మాట చెబుతుంది: "గట్టిగా ఊపిరి వదిలారంటే మీ బోర్డు ఎగిరిపోతుంది." అందులో గొప్పలేం లేవు. బంగారు రేకు కంటికి కనబడుతుంది గానీ చేతికి దొరకదు. వేలితో తీయబోతే వేలికే పూతై కూచుంటుంది. అందుకే ఆమె వెడల్పాటి మెత్తని బ్రష్షును ఒకసారి చెంపకు రాసుకుంటుంది. చెంప మీది జిడ్డు వెంట్రుకలకు అంటితే, ఆ జిడ్డుకు రేకు అంటి లేస్తుంది. ముఖం కడుక్కున్న వెంటనే ఆమె పని మొదలుపెట్టదు.

ఊళ్లో దుకాణాల అద్దాల మీద బంగారు అక్షరాలన్నీ ఆమె చేతివే. అద్దానికి లోపలివైపు నుంచి, తిరగేసి రాస్తుంది, వీధిలోంచి చూసేవాళ్లకు తిన్నగా కనబడేట్టు. "బతుకంతా తిరగరాతే నాది, చదివేవాళ్లకు మాత్రం సరిగ్గానే ఉంది" అని నవ్వుతుంది.

బంగారానికి ఒక మొండితనం ఉంది. అబద్ధానికి అంటదు. వానలో నిలబడితే తడుస్తామని తెలిసినట్టే ఇదీ ఊరందరికీ తెలుసు. నూనె వ్యాపారి 'కల్తీ లేని నూనె' అని రాయించుకుంటే తెల్లారేసరికి 'లేని' రాలిపోయి మిగతాది ధగధగా మెరిసింది. పాపం ఆయన గొడవేం పెట్టుకోలేదు. గానుగ మార్చుకుని మళ్లీ వచ్చాడు.

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరోజు కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకొచ్చాడు. కొడుకుని అందరూ అలారం అంటారు, అవసరం లేనప్పుడే మోగుతాడని.

"తలుపు అద్దం మీద 'గడియారాల మరమ్మతు' అనీ, కింద 'తండ్రీ కొడుకులు' అనీ రాయాలమ్మా" అన్నాడు పెద్దాయన. "బోర్డు పడిన రోజు నుంచి నా కుర్చీ మావాడిది."

"మరి అమ్మాయో?"

"ఇంటిపట్టున ఉంటుంది. ఎన్నాళ్లని ఆ తెర వెనక?" చివరి మాట గొంతు తగ్గించి కోడలితో అన్నాడు.

కోడలు తల వంచుకుంది. ఆ తెర సంగతి ఆ ముగ్గురికే తెలుసు. చెయ్యి వణకడం మొదలయ్యాక పెద్దాయన కంటికి భూతద్దం తగిలించుకుని ముందు కూచునేవాడు, తెర వెనక కోడలు గడియారం విప్పి, కడిగి, బిగించి ఇచ్చేది. చెయ్యి మారిందని తెలిస్తే గిరాకీ పోతుందని ఆయన భయం. "మీ చెయ్యే చెయ్యండీ" అని జనం ఆయన్ని పొగుడుతుంటే ఆమె లోపల విని మురిసిపోయేది. ఆగిపోయిన గడియారం తన చేతిలో మళ్లీ కదిలితే ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఆ బల్ల వదిలి బతకలేనని చెప్పాలని ఎన్నోసార్లు అనుకుంది. నోరు రాలేదు.

అత్తయ్య రేకుల కట్టలు బల్ల మీద పరిచి, ఒక్కోదాన్నీ నల్లగుడ్డ మీద తెరిచి చూపించింది. "ఇది నిమ్మపండు రంగు. ఇందులో వెండి పాలు ఎక్కువ. ఇది తెల్లది, మొత్తం వెండి మొహమే. ఇది దాదాపు మేలిమి. ఎన్నేళ్లయినా రంగు మారదు. ఈ చివరది ఇత్తడి."

"ఇత్తడే బాగా మెరుస్తోందిగా" అని మోగాడు అలారం.

"మెరుస్తుంది నాయనా. దేనికైనా అంటుకుంటుంది, ఏం రాసినా ఊరుకుంటుంది. తర్వాత నల్లబడుతుంది. బంగారమైతే మాట చూసి కూచుంటుంది. తర్వాత నన్ననొద్దు."

పెద్దాయన కాస్త తటపటాయించాడు. "మేం తండ్రీకొడుకులమే కదా? ఇందులో అబద్ధమేముంది?"

"నాకేం తెలుసన్నయ్యగారూ? నేను రాసేదాన్నే. చదివేది అది."

పెద్దాయన కోడలి వైపు చూశాడు. లోహం విషయంలో ఆమె కన్నే ఆయనకు నమ్మకం. ఇత్తడి అంటే సరిపోయేది, ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆమె నల్లగుడ్డ మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కో రేకునీ పక్కకు వాల్చి చూసింది.

"మన తలుపుకి ఎండ తగలదు మామయ్యగారూ. నిమ్మరంగు ఆ నీడలో పాలిపోతుంది. ఇత్తడి మన దుకాణానికి వద్దు. మేలిమే వెయ్యమనండి." తనను ఇంటికి పంపే అక్షరాలకు ఏరికోరి మంచి బంగారం ఎంచుతున్నానని ఆమెకు తెలుసు. అయినా చెడ్డ పని ఆమెకు చేతకాదు.

అత్తయ్య మర్నాడే వాళ్ల దుకాణానికెళ్లి పని మొదలుపెట్టింది. నీళ్లలో చిటికెడు జిగురు కరిగించి అద్దం తడిపింది. బ్రష్షు దగ్గరకు తీసుకెళ్లగానే రేకు దానంతటదే దూకి అద్దానికి అతుక్కుంది. ఒక పొర ఆరాక సందులు పూడేలా ఇంకో పొర వేసింది. ఆ బంగారం వెనక నల్లరంగుతో తిరగేసి అక్షరాలు రాసి ఎండనిచ్చింది. ఇక తడి దూదితో తుడిస్తే రంగు లేని చోట బంగారం పోయి, అక్షరాలు నిలవాలి.

తుడుస్తుంటే చెయ్యి ఆగింది. 'డు' కొమ్ము రంగుతో సహా ఊడి వచ్చింది. పక్కన 'కు' మొత్తం దూదికి వచ్చేసింది. 'కొ' నెత్తిన మాత్రం రంగు వెయ్యని చోట చిన్న వంపు మిగిలింది. ఎంత రుద్దినా కదల్లేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు పెద్దాయన లోపల్నుంచి. ఆయనకు అన్నీ తిరగేసే కనబడుతున్నాయి.

వీధిలో నిలబడ్డ అలారం గొంతెత్తి కూడబలుక్కుంటూ చదివాడు. "తం... డ్రీ... కో... డ... లు! నాన్నా, కోడలు అని పడింది!" అంతటితో ఆగితే అతను అలారం ఎందుకవుతాడు? "హమ్మయ్య! నాకు విప్పడమే వచ్చు నాన్నా, బిగించడం రాదు. ఇన్నాళ్లూ బాగుచేసింది అదే కదా!" అని వీధి వీధంతా వినేట్టు అరిచాడు. జీవితంలో మొదటిసారి సరైన సమయానికి మోగాడు.

గడియారం చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరున్న పంతులమ్మ తెర వైపు చూసింది. "అయితే నాది బాగుచేసింది నువ్వేనా అమ్మాయ్? మరి ఇదీ నువ్వే చూడు" అని తెర పక్కకు లాగేసింది. వెనక మరో ఇద్దరు చేతులు చాచారు. పోతుందనుకున్న గిరాకీ గుమ్మంలో తోసుకుంటోంది.

పెద్దాయన వీధిలోకి వెళ్లి ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. సిగ్గూ సంతోషమూ కలిసి కళ్లు చెమర్చాయి.

"ఒక తప్పుంది అన్నయ్యగారూ" అంది అత్తయ్య. "తండ్రికి కోడలేమిటి? మామాకోడళ్లు అనాలి. 'తండ్రీ' చెరిపి 'మామా' అని రాసిస్తా."

ఆయనే లోపలికొచ్చి, దూది అందుకుని 'తండ్రీ' మీద గట్టిగా తుడిచాడు. బంగారం చెక్కుచెదరలేదు.

"ఉండనియ్యమ్మా. అది అబద్ధానికి అంటదుగా" అన్నాడు.

'కు' పోయిన ఖాళీలో అత్తయ్య మిగిలిన రేకుతో చిన్న గడియారం బొమ్మ అద్దింది. లోపల పెద్దాయన తన కుర్చీ వెనక్కి జరిపి, భూతద్దం తీసి కోడలి చేతిలో పెట్టాడు. ఆమె కూచుంది. పంతులమ్మ గడియారం మూత తెరిచి, దాని లోపలికి చూస్తూనే చెయ్యి చాచింది.

"చిన్న స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి, నాన్నా."