మా అత్త కొత్త ఫొటో

మా అత్త నాగరత్నమ్మ తిరుమలలో తలనీలాలిచ్చి కొండ దిగి వచ్చిన వారంలోనే, డబ్బులు జమయ్యే యాప్ ఆమెను గుర్తుపట్టడం మానేసింది.

నగరిలో మా ఇంటి వెనక షెడ్డులో రెండు మరమగ్గాలున్నాయి. వాటి మీద నేసిన కాటన్ చీరలను ఫోన్లో అమ్ముతాం. పార్సిళ్లు కట్టడం, ఫోన్ చూసుకోవడం నా పని. వీడియోలో చీర విప్పి చూపించేది మాత్రం మా అత్తే. "ఈ అంచు చూడండమ్మా, రంగు దిగదు. దిగితే నాకు ఫోన్ చేసి తిట్టండి" అంటుంది. అట్లా తిట్టినవాళ్లు ఇంతవరకు లేరు. దుకాణం ఆమె పేరు మీదే ఉంది, పాన్ కార్డు ఆమెదే, డబ్బులు పడే ఖాతా కూడా ఆమెదే.

మా మామ ఆదికేశవులుకు తిరుపతిలో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు ఆమె జుట్టు మొక్కుకుంది, ఆ సంగతి వీడియోలో కూడా చెప్పింది. నడుము దాటే జడ అది. వీడియో కింద చీర ధర అడిగేవాళ్లకంటే జడకు ఏ నూనె రాస్తారని అడిగేవాళ్లే ఎక్కువ. మామ కోలుకుని నడవగానే కొండకు పోయి కల్యాణకట్టలో కూర్చుంది. గుండుకు గంధం పూసుకుని బయటికి వచ్చి, "తల తేలికైపోయిందే" అంది. అంతే, ఆ జడ మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుత్తణి స్వామి పండగ ఆడికృత్తిక దగ్గర పడుతుండగా ఆ సందేశం వచ్చింది. ఆదాయపన్ను నివేదిక కోసం ఖాతాదారు వివరాలు మళ్లీ ధ్రువీకరించాలట, అంతవరకు మా సొమ్ము నిలిపి ఉంచుతారట. పండగ ఆర్డర్ల డబ్బంతా అందులోనే ఉంది.

ఫోన్ తెరమీద గుండ్రటి గీత వచ్చింది. ముఖం అందులో పెట్టమంది. తల పైకెత్తమంది, కళ్లు ఆర్పమంది. అత్త డాక్టరు ముందు కూర్చున్నంత శ్రద్ధగా అన్నీ చేసింది. 'ముఖం ఆధార్ ఫొటోతో సరిపోలలేదు' అని వచ్చింది. వాకిట్లో ఎండలో కూర్చోబెట్టాను. సున్నం గోడ ముందు నిలబెట్టాను. గంధం తుడిచి చూశాను. చివరికి కొంగు తలమీద కప్పితే, 'తలపై వస్త్రం తొలగించండి' అంది. తీసేసరికి మళ్లీ సరిపోలలేదు.

సహాయం కోసం రాస్తే, మీ సహనానికి ధన్యవాదాలని జవాబొచ్చింది. ఆ వెంటనే, మీ సమస్య పరిష్కారమైందా అని ఇంకొకటి. మా ఆయన మురుగేష్ 'లేదు' అని నొక్కితే సంభాషణ ముగిసింది. ఫోన్ చేస్తే పాట వినిపించింది గానీ మనిషి పలకలేదు.

"మోనికక్క బ్యూటీ పార్లర్లో విగ్గు ఉండాది మా. ఒక్క నిమిషం పెట్టుకుంటే పని అయిపోతాది" అన్నాడు మా ఆయన.

"స్వామికిచ్చినాను రా. ఇచ్చి పది దినాలు కాలేదు, ఎవరి ఎంటికలో తెచ్చి నెత్తిన పెట్టుకోమంటావా?" అంది అత్త. కోపంగా అనలేదు.

"అట్లయితే పండగ దాకా కొనేవాళ్లను నా నెంబరుకు వేయమని చెప్దాం. ఆ యాప్ లెక్కలోకి రాదు, పన్నోళ్లకీ తెలీదు" అన్నాడు మా ఆయన.

"ఈ ఏడు అట్ల చేస్తే వచ్చే ఏడూ చేయాలనిపిస్తాది" అని ఆమె లేచి షెడ్డులోకి పోయింది. మా మగ్గం నేసే గోవిందును పిలిచి, డబ్బులు ఆగిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది. "పండక్కి ముందర ఇస్తే సాలక్కా" అన్నాడతను.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే వీడియో తీయమంది. గుండుతోనా అని నేను తటపటాయించాను. ఆమె అప్పటికే చీర మడత విప్పి కూర్చుంది. "మీరు వేసిన డబ్బులు యాప్‌లో ఆగిపోయినాయి. భద్రంగానే ఉండాయి. చీరలు మాత్రం ఆగవు, పంపిస్తా ఉండాము" అని చెప్పి, చీర అంచు చూపించడం మొదలుపెట్టింది. ఆ రాత్రి కింద వచ్చిన మాటలన్నీ చదివాను. మామగారికి ఎట్లుందని అడిగినవాళ్లే చాలామంది.

మరునాడు పుత్తూరులో ఆడిటర్ చంద్రమౌళి దగ్గరికి పోయాం. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు.

"ఖాతా కోడలి పేరుకు మార్చేయండమ్మా. ఈ ఏడు పన్ను లెక్క సగం మీకు, సగం ఆమెకు పడతాది. అదంతా నేను చూసుకుంటాలే."

నేను సరేనని తల ఊపబోయాను. అత్త అడిగింది, "నేనుండాను కదప్పా. యాపారం మానలేదు. నా పేరు ఎందుకు తీసేయాల?"

"మీరు లేరని కాదమ్మా. ఫొటోలో ఉన్నట్టు మీరు లేరు."

ఆమె కుర్చీలోంచి లేచింది. "అయితే మారాల్సింది ఫొటో" అంది.

అక్కడినుంచి నేరుగా ఆధార్ కేంద్రానికి నడిచింది. కంప్యూటర్ ముందున్న లోహిత అనే అమ్మాయి ఆమె గుండు చూసి మంచిమాటగానే చెప్పింది. "అవ్వా, కొన్నాళ్లు ఆగి జుట్టొచ్చినాక రండి. ఇప్పుడు తీస్తే ఏండ్ల తరబడి ఇదే ఉంటుంది."

"ఉండనీ పాపా. ఇదీ నా మొగమే కదా."

వేలిముద్రలు ఒక పట్టాన పడలేదు. దారం లాగి లాగి అరిగిన వేళ్లు అవి. చివరికి కంటిపాపలు స్కాన్ చేసి సరిచూసుకుని, లోహిత ఫొటో తీసింది. తీసి తెర మావైపు తిప్పింది. ఆధార్ ఫొటోలో తమ ముఖం నచ్చినవాళ్లను నేను చూడలేదు. అత్త మాత్రం ముందుకు వంగి ఇష్టంగా చూసుకుంది.

"మా నాయన మాదిరే ఉండాను" అంది.

కొత్త కార్డు వచ్చిన పొద్దున వాకిట్లో అరుగు మీద కూర్చోబెట్టి మళ్లీ ఫోన్ పట్టాను. కళ్లు ఆర్పమంటే ఆర్పింది. ఈసారి పచ్చ గుర్తు పడింది. రెండు రోజుల్లో డబ్బులు ఖాతాలోకి వచ్చాయి. అత్త మొదట గోవిందు కూలి ఇచ్చి, తర్వాతే నూలు కొట్టుకు పోయింది.

యాప్ పంపిన పన్ను నివేదికలో ఇంకో చిక్కు బయటపడింది. వాపసు వచ్చిన చీరలను కూడా అమ్మినట్టే చూపించారు. మళ్లీ పుత్తూరు పోయి చూపిస్తే చంద్రమౌళి, "చిన్న మొత్తమే, దీన్ని సరిచేయాలంటే చాలా తిరకాసు. వదిలేయండమ్మా" అన్నాడు.

"అమ్మినదాంట్లో ఒక్క రూపాయి దాచను. అమ్మని చీరకు పన్నూ కట్టను. నిదానంగా సెయ్యప్పా, నేను కూసుంటా" అని అత్త కుర్చీ లాక్కుంది.

ఆయన విసుక్కుంటూనే మొదలుపెట్టాడు. వాపసు వచ్చిన ఒక్కో చీరా ఏ ఊరి నుంచి, ఎందుకు తిరిగొచ్చిందో అత్త చెబుతూ పోయింది. మధ్యలో ఆయన రెండు టీలు తెప్పించాడు. పని అయ్యాక గుమ్మం దాకా వచ్చి, తన భార్యకు ఒక చీర కావాలని, ముదురు రంగైతే మంచిదని చెప్పాడు.

బస్టాండులో నిలబడి నేను అనుమానం అడిగాను. "జుట్టు పెరిగితే మళ్లీ సరిపోలదేమో అత్తా?"

"అప్పుడు మళ్లీ పోయి తీపిచ్చుకుందాం. ఆ పాప మంచిది" అంది.

నగరి మీదుగా పోయే తిరుత్తణి బస్సు కావళ్లు పట్టుకున్న భక్తులతో కిక్కిరిసి వచ్చింది. ఇంకో బస్సు చూద్దామని నేను అనేలోపే అత్త ఎక్కేసి, ఎవరినో జరగమని చెప్పి, కిటికీలోంచి నన్ను చెయ్యి ఊపి పిలిచింది.