ఊగిసలాడిన ముల్లు

ఏర్పేడు పక్కనున్న చిన్న ఫ్లయింగ్ స్కూల్లో విమానాల రిపేరు పని సుజనది. అక్కడి పైలట్ మునిశేఖర్‌ను ఆమె నోరారా అన్నా అని పిలిచేది. ఆ ఉద్యోగంలోకి తెచ్చిందీ, ఆడమనిషికి ఇంజన్లేంటని నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించిందీ ఆయనే.

ఆ వేసవిలో రెండు సీట్ల విమానంలో ఇంజన్ వేగం చూపే మీటరు ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగడం మొదలుపెట్టింది.

"కేబులు ఎండిపోయినట్టుండాది, సూడుమ్మా" అన్నాడు మునిశేఖర్.

ఇంజన్ నుంచి మీటరుకు వచ్చే ఆ కేబులును సుజన బయటికి లాగి, తుడిచి, గ్రీజు పూసింది. ఊగుడు ఆగలేదు. మీటరే మార్చింది. కొత్త ముల్లూ అట్లాగే ఎగిరింది.

స్కూలు యజమాని రామచంద్ర అందరి ముందూ కసిరాడు. "ముల్లును నిలబెట్టలేనిదానివి, ఇంజన్ నీ చేతికి ఎట్లిచ్చేది?"

పక్కనే ఉన్న మునిశేఖర్ పెదవి విప్పలేదు. తర్వాత మాత్రం, "పట్టించుకోబాకు. పైకి పోయి సూసొద్దాం రా" అని ఆమెను పక్కసీట్లో కూర్చోబెట్టుకుని కాళహస్తి కొండల మీదుగా తిప్పుకొచ్చాడు. ఇంజన్ మోత ఒకే తీరుగా ఉంది. ముల్లు మాత్రం గంతులేస్తోంది.

దిగాక సుజన కేబులు ఇంజన్‌కు తగిలే చోట విప్పి, టార్చి వేసి చూసింది. లోపల దాన్ని తిప్పే చక్రానికి పళ్ళు కొన్ని లేవు. అరగలేదు, విరిగాయి. తిరిగే ఇంజన్ దేనికో కొట్టుకుని ఠక్కున ఆగితే తప్ప అట్లా విరగవు. ముందుకొచ్చి ప్రొపెల్లర్ రెక్కల కొసలు తడిమింది. ఆకురాయి పెట్టిన గరుకు, దాని మీద కొత్త రంగు.

మునిశేఖర్ షెడ్డులో టీ తాగుతున్నాడు.

"అన్నా, రెక్క నేలకు కొట్టుకుందా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "దిగేటప్పుడు ముక్కు వాలింది. ఎవురూ సూడలా. నేనే ఆకురాయితో రాసి రంగేసినా. బయటపడితే నా లైసెన్స్ పోతాది సుజనా."

"నన్ను తిడతా ఉంటే ఈడే నిలబడుకోని ఉంటివే."

ఆయన లేచి షెడ్డు తలుపు దగ్గరగా వేశాడు.

"అది పోనీ. ఇంజన్లో ఏం పగిలుండాదో ఏమో, నన్ను కొండల మీదికి తీసకపోయినావు గదా!"

"నీ పక్కన నేనూ ఉంటిని గదమ్మా."

"నీకు తెలిసి ఎక్కినావు. నాకు తెలీదు."

ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగి, నేరుగా రామచంద్ర గదికి వెళ్ళి, జరిగింది చెప్పి, విమానం కదలడానికి వీల్లేదంది.

ఇంజన్ విప్పితే ప్రధాన ఇరుసుకే పగులు కనిపించింది. రామచంద్ర ఆమెకు క్షమాపణ చెప్పలేదు. మునిశేఖర్‌ను మాత్రం పనిలోంచి పంపించేశాడు. వెళ్ళేటప్పుడు ఆయన ఆమె ముందు నుంచే నడిచాడు, పలకరించలేదు.

తర్వాత వచ్చిన పైలట్ మంచివాడే. రిపేరైన విమానంలో ఒకసారి పైకి రమ్మని మర్యాదగా అడిగాడు. సుజన చేతులు తుడుచుకుంటూ, ముందు అతన్నే ఆ విమానాన్ని దించిన ప్రతిసారీ ఎట్లా దించాడో ఒక్కొక్కటిగా చెప్పమంది.