వదిన కన్ను

దర్జీ బాబాయి స్టూలు మీద నిటారుగా కూర్చుని, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టాడు. పక్క కొట్లో రోజంతా మిషను తొక్కే మనిషికి పాస్‌పోర్టు ఫోటో అంటే పరీక్షే. సరిగ్గా అప్పుడే పిచ్చుక చేతిలో కెమెరా స్క్రీన్ నల్లబడిపోయింది.

"ఊపిరి వదిలెయ్ బాబాయ్. ఇది ఇప్పట్లో తేలేలా లేదు," అంది పిచ్చుక.

ఆమెకు ఆ పేరు పెట్టింది వదిన. కాపురానికొచ్చిన కొత్తలో, "మీ చెల్లెలేమిటండీ, తెల్లారితే చాలు కిచకిచమంటుంది" అని అన్నయ్యతో అందట. ఆ పేరే అతుక్కుపోయింది. స్టూడియో అన్నయ్యదే గాని, కెమెరా లోతుపాతులు తెలిసింది వదినకే. అన్నయ్య జబ్బు చేసి పోయాక ఆడవాళ్ళిద్దరే దాన్ని నడుపుకొచ్చారు. వదిన ఫోటోలు తీసేది. పిచ్చుక లైట్లు సర్దేది, ఏడ్చే పిల్లల్ని నవ్వించేది, సందు దొరికితే తనూ నాలుగు ఫోటోలు తీసేది.

వదినకి మళ్ళీ పెళ్ళి చెయ్యాలని పట్టుబట్టింది పిచ్చుకే. "మతి పోయిందా నీకు" అని వదిన కసిరినా వదల్లేదు. సంబంధం వెతికింది, ఇంట్లోవాళ్ళని ఒప్పించింది, బట్టల పెట్టె తనే సర్దింది. బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యి ఊపి, కొట్టుకొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఫోను మీదికి చెయ్యి ఎన్నిసార్లు వెళ్ళిందో. కొత్త ఇంట్లో పాత ఇంటి గొంతు వినబడితే ఏం బాగుంటుందని వెనక్కి తీసుకునేది. అవతల వదినా చెయ్యలేదు. నెలలు గడిచిపోయాయి.

పిచ్చుక కెమెరా ఆపి మళ్ళీ వేసింది. బ్యాటరీ తీసి పెట్టింది. స్క్రీన్ ఉలకలేదు, పలకలేదు. వ్యూఫైండర్‌కి కన్ను ఆనిస్తే లోపల వెలుతురైతే ఉంది గాని, దర్జీ మీసమూ చొక్కా కాలరూ కలిసిపోయి ఒకటే మరకలా కనబడింది.

"మీ వదినకి ఫోను చెయ్యరాదూ. ఆ కెమెరా ఆవిడ మాటే వింటుంది," అన్నాడు దర్జీ.

పిచ్చుకకి కావలసిందీ అదే. మోగీ మోగగానే వదిన ఎత్తింది.

"పిచ్చుకా?"

"కెమెరా పాడైంది వదినా," అంది గబగబా, బాగున్నావా అనైనా అడక్కుండా. "స్క్రీన్ రావడం లేదు. వ్యూఫైండర్లో బొమ్మ వస్తోంది గాని అంతా అలుక్కుపోయినట్టుంది."

"అయితే కెమెరాకి ప్రాణం ఉన్నట్టే, కంగారు పడకు, ఏం. వ్యూఫైండర్ పక్కన చిన్న నల్ల గాజు ముక్క ఉంటుంది చూడు. మనం కన్ను పెట్టామో లేదో కనిపెట్టేది అదే. పెట్టగానే స్క్రీన్ ఆర్పేస్తుంది. దానికి ఏదన్నా అడ్డం పడితే, ఎవరో చూస్తూనే ఉన్నారనుకుంటుంది."

పిచ్చుక కెమెరాని కిటికీ వైపు తిప్పింది. కన్ను ఆనించేచోట ఉండే రబ్బరు తొడుగు చిరిగి, మడతపడి, ఆ గాజు మీదే వాలి ఉంది. వేలితో పైకెత్తగానే స్క్రీన్ వెలిగింది.

"వచ్చిందా?"

"ఊహూఁ," అంది పిచ్చుక.

ఆమె ముఖం మీద పడ్డ వెలుగుని దర్జీ చూశాడు. అద్దంలో మీసం సవరించుకోవడానికి లేచాడు.

"మెత్తటి గుడ్డతో తుడువు. నోటితో ఊదకు, చెమ్మ చేరుతుంది, ఏం." వదిన చెప్పుకుంటూ పోయింది. స్క్రీన్ తెరిచి, తిప్పి, మళ్ళీ ముయ్యమంది. వ్యూఫైండర్ ఒక్కటే పనిచేసేలా మెనూలో పొరపాటున మార్చావేమో చూడమంది. పిచ్చుక అన్నింటికీ ఊఁ కొట్టింది. ఏది ఎలా చెయ్యాలన్నది కాదు ఆమె వింటున్నది. ప్రతి మాట చివరా 'ఏం' అని తగిలించే ఆ అలవాటు వింటోంది.

"వెలిగి చాలాసేపైంది కదూ?" అంది వదిన ఉన్నట్టుండి.

పిచ్చుక నాలిక కరుచుకుంది. "ఎలా తెలిసింది?"

"ఇన్ని చెప్పినా ఒక్కసారీ విసుక్కోలేదు. నువ్వేనా అని అనుమానం వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక వదినే అంది, "లోపలి బొమ్మ అలుక్కుపోవడానికి కారణం చక్రమే. నీకు తెలిసిందేగా."

తెలిసిందే. వదినకి చూపు తక్కువ. కళ్ళజోడు తీసేసి చూడటానికి వీలుగా వ్యూఫైండర్ పక్కనున్న బుల్లి చక్రాన్ని ఒక కొసకి తిప్పుకునేది. తన వంతు రాగానే పిచ్చుక వెనక్కి తిప్పేది. రోజూ దాని మీదే పోట్లాట.

"నువ్వెళ్ళాక దాన్ని ముట్టుకోలేదు వదినా. స్క్రీన్లో చూసే తీస్తున్నా."

"ఎందుకే?"

"ఏమో. నీ కన్నుకి సరిపోయేలా ఉంది కదా, ఉండనీ అనుకున్నా."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. "ఎండలో స్క్రీన్ కనబడక ఎన్ని ఫోటోలు తగలేశావో. తిప్పు."

"నువ్వొస్తే?"

"వస్తే మళ్ళీ తిప్పుకుంటాను. తిప్పవే."

పిచ్చుక కన్ను ఆనించి, మెల్లగా తిప్పింది. మళ్ళీ స్టూలెక్కిన దర్జీ ముఖం మరకలోంచి విడివడి, చెవి వెనక సుద్ద గీతతో, కాలరు మీద దారప్పోగుతో సహా తేటగా వచ్చింది.

"వచ్చింది," అంది. ఈసారి నిజమే.

"వదినా, నా దువ్వెన చూశావా?" అని ఫోనులో అవతలెక్కడో ఒక ఆడపిల్ల గొంతు.

పిచ్చుక ఉలిక్కిపడింది. ఆ పిలుపు ఇంకొకరి నోట వినడం అదే మొదలు. "ఎవరు?"

"ఆయన చెల్లెలు."

"మంచిదేనా?"

"మంచిదే. నోట్లో మాట బయటికి రాదు. నీ కిచకిచకి అలవాటుపడ్డ చెవులు కదా, ఇక్కడ తోచక చస్తున్నాయి." వదిన గొంతు తగ్గించింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదే?"

"నీకు ఇబ్బందవుతుందని. నువ్వో?"

"మీ అన్నయ్య ఇల్లు వదిలి వచ్చినదాన్ని. ఏ మొహం పెట్టుకుని చెయ్యను అనుకున్నా."

"పంపింది నేనే కదా."

"అందుకే మరీనూ."

ఫోను పెట్టేశాక పిచ్చుక ఫోటో తీసింది. దర్జీ ముఖం చక్కగానే వచ్చింది గాని, కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి. సుద్ద పొడి పడిందన్నాడు.

ఆ ఆదివారం ఏ సాకూ లేకుండానే మళ్ళీ చేసింది. ఎత్తింది ఆ అమ్మాయి.

"వదిన స్నానానికెళ్ళింది. మీరెవరండీ?"

"నేనూ ఆవిడ ఆడపడుచునే," అంది పిచ్చుక.

"పిచ్చుకగారా? మిమ్మల్నొకటి అడగొచ్చా? వదిన ఒక్కోసారి కిటికీ దగ్గర కూర్చుని ఎవరితోనూ మాట్లాడదు. మేమేం చేశామో తెలీదు. అప్పుడు ఏం చెయ్యాలండీ?"

పిచ్చుక స్టూలు మీద చతికిలబడింది. ముందు కొంచెం పాలెక్కువ పోసి టీ పెట్టివ్వమంది. ఇచ్చి అక్కడే నిలబడకూడదంది. కాసేపాగి ఏదో ఒకటి తప్పుగా చెయ్యమంది, తప్పు దిద్దడం మొదలుపెడితే మనిషి మామూలైపోతుందంది. జుట్టు దువ్వుతానంటే వద్దంటుంది గాని వినొద్దంది. ఆ పిల్ల శ్రద్ధగా ఊఁ కొడుతోంది. ఇవన్నీ ఇక తను చెయ్యలేనివని మాట మాటకీ తెలిసొస్తూనే ఉంది పిచ్చుకకి. అయినా ఒక్కటీ అట్టేపెట్టుకోకుండా అన్నీ చెప్పింది.