వాన పడేలా ఉందట

గిన్నెలు తోముతుంటే అత్తయ్య నా భుజం తట్టింది. ముందుగదిలో మా ఆయన ఫోన్లో వాళ్ళన్నయ్యతో మాట్లాడుతున్నాడు. "వాడేమంటున్నాడు?" అని ఆవిడ చేతులు అడిగాయి. అత్తయ్యకు పుట్టినప్పటినుంచీ వినబడదు. ఆవిడతో మాట్లాడాలంటే నాకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అంటే సబ్బు కడుక్కోవాలి, తుడుచుకోవాలి, మాట అయ్యాక మళ్ళీ వచ్చి ఆ గిన్నెను మొదటినుంచి తోముకోవాలి. ఇంట్లో మిగతావాళ్ళకు ఈ బాధ లేదు, ఎందుకంటే వాళ్ళెవరూ సైగలు నేర్చుకోలేదు. కన్నకొడుకు కూడా తిండి, నిద్ర, డబ్బుల సైగల దగ్గరే ఆగిపోయాడు. పెళ్ళైన కొత్తలో నేను ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. అప్పటినుంచీ అది కూడా కోడలి పనుల్లో చేరిపోయింది.

ఆయన మాట నాకు స్పష్టంగానే వినబడుతోంది. "నెలాఖరుకి అమ్మని నీ దగ్గర దింపేస్తానన్నయ్యా. ఆ గది నా ఆఫీసుకి కావాలి." నా చేతులు లేవడం చూసి ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది చెప్పకు. ఏదో ఒకటి చెప్పు."

"వాన పడేలా ఉందట," అని చెప్పాను. మా ఇంట్లో వాన గురించి జరిగినంత చర్చ వాతావరణశాఖలో కూడా జరిగి ఉండదు. మామయ్య జబ్బు ముదిరినప్పుడు వాన. ఆడపడుచు కాపురం చెడినప్పుడు వాన. అత్తయ్య నా ముఖంకేసి కాసేపు చూసి, తలూపి, తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను గిన్నె అందుకున్నాను.

ఇదే పనికి బయట జీతమిస్తారు. పురపాలక సంఘం సమావేశాల్లో, చేతులు బాగా కనబడాలని నల్లబట్టలు కట్టుకుని, వేదిక పక్కన నిలబడతాను. నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది గానీ ఆఫీసులో అందరికీ నేను సైగలావిడనే. ఈ పని నాకు పద్ధతిగా నేర్పింది ఊళ్ళోని బధిరుల బడిలో ఒక పంతులమ్మ. ఆవిడ రెండు సూత్రాలు పెట్టింది. ఎవరి మాట చెబుతున్నా "నేను" అనే చెప్పాలి, "ఆమె ఇలా అంటోంది" అనకూడదు. గదిలో వినబడ్డదంతా చేతుల్లోకి రావాలి, పక్కవాడి గుసగుసతో సహా. వినబడేవాళ్ళకు తెలిసి, వినబడనివాళ్ళకు తెలియనిది ఆ గదిలో ఏదీ మిగలకూడదని ఆవిడ లెక్క. అలా ఇన్నేళ్ళుగా రోజంతా "నేను, నేను" అంటూనే ఉన్నాను. అందులో ఒక్కటీ నాది కాదు.

మర్నాడు సమావేశం ఆ బడి గురించే. దాన్ని మూసేసి, పిల్లల్ని తలా ఒక మామూలు బడికి పంచేసి, ఆ భవనంలో కొత్త ఆఫీసు పెడతారట. మూసేముందు జనాన్ని అడిగి తీరాలని చట్టంలో ఉంది కాబట్టి అడుగుతున్నారు. హాలు గుమ్మం దగ్గర కమిషనర్ నన్ను ఆపాడు. "అక్షరం పొల్లుపోకుండా చెప్పనక్కర్లేదమ్మా. క్లుప్తంగా లాగించెయ్. అన్నట్టు నీ కాంట్రాక్టు కాగితం నా బల్లమీదే ఉంది, ఇవాళ సంతకం పెట్టేస్తా." బెదిరింపులా అనలేదు, శుభవార్తలా చెప్పాడు. ఆయన గొంతు మా ఆయన గొంతంత మామూలుగా ఉంది.

బట్టలు కుట్టే ఒకామె లేచింది. ఆమె చేతులు కదులుతుంటే నేను మైకులో చెబుతున్నాను. "నేను ఈ బడిలోనే చదువుకున్నాను. ఇప్పుడు నా కూతురు చదువుతోంది. నిన్న పిల్లను దింపడానికి వెళ్తే గేటుకు కొత్త తాళం వేసి ఉంది..."

కమిషనర్ అరచెయ్యి మైకుకు అడ్డం పడింది. "తాళం సంగతి వదిలెయ్. బడి పోతున్నందుకు బాధగా ఉందంటోందని చెప్పి ముగించు. వీళ్ళకేం తెలుస్తుంది?"

ఆ అరచేతిని చూశాను. నాకు భయం వేసింది, దాచుకోవడం దేనికి. అయినా చేతులు లేచాయి. ఆయన అన్నదంతా, "వీళ్ళకేం తెలుస్తుంది" దాకా, హాలుకు సైగల్లో చెప్పాను. మైకుకు అడ్డం పెట్టిన చెయ్యిని కూడా చూపించాను.

హాల్లోని బధిరులందరూ ఒక్కసారే లేచి కాళ్ళతో నేలను బలంగా తట్టారు. వాళ్ళు ఒకరినొకరు పిలుచుకునేది అలాగే, నేల అదిరితే తెలుస్తుంది. ముందు వరుసలోని విలేకరి ఉలిక్కిపడి, "ఏమైంది? ఏమంటున్నారు?" అని అడిగాడు. "ఏం లేదు, కాస్త ఆవేశపడుతున్నారు," అన్నాడు కమిషనర్. బట్టలు కుట్టే ఆమె నావైపు తిరిగి మిగతా మాట పూర్తిచేసింది. మైకు లేకుండానే, వెనక వరుసకు వినబడేలా చెప్పాను. "ముందే తాళం వేసేశాక, మమ్మల్ని ఇప్పుడు ఏం అడుగుతున్నారు?"

తాళం ఎవరు వెయ్యమన్నారని విలేకరి అడిగాడు. కమిషనర్ మంచినీళ్ళు తాగాడు. ఇంకొకరు అదే అడిగారు, తర్వాత హాలంతా అదే అడిగింది. సాయంత్రానికి తాళం తీయించారు. బడి ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు, కానీ గుట్టుగా మాత్రం మూయలేరు. మెట్లు దిగుతుంటే కమిషనర్, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు. పక్కనే బట్టలు కుట్టే ఆమె ఉంది. అదీ చెప్పాను.

నేను ఇల్లు చేరేసరికే వార్త చేరింది. "ఎవరి గొడవో నెత్తికెత్తుకుని ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకున్నావు. వాళ్ళు చెప్పమన్నది చెప్పి ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాడాయన. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. "అమ్మకి ఇదేం చెప్పకు. అన్నయ్య దగ్గరకి పంపే సంగతైతే అసలే వద్దు."

అత్తయ్య నన్నే చూస్తోంది. "ఇవాళ కూడా వానేనా?" అని అడిగింది. "ఇన్నేళ్ళుగా వానంటావు. ఒక్కరోజూ ఎవరూ గొడుగు తీసుకెళ్ళరు."

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, పంతులమ్మ నేర్పినట్టే, ఆయన మాటను ఆయన మాటగా చెప్పాను. "అమ్మని అన్నయ్య దగ్గర దింపేస్తాను. ఆ గది నాకు కావాలి. ఇది అమ్మకి చెప్పకు."

అత్తయ్య గుమ్మం దాటి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. తర్వాత ఆవిడ చేతులు కదిలాయి, నెమ్మదిగా.

"ఏమంటోంది?" అన్నాడాయన.

"నేను ఎక్కడికీ వెళ్ళను. నా గది గురించి నన్నడగాలి. ఇకమీదట నాతో మాట్లాడాలంటే నా భాష నేర్చుకుని రా," అని చెప్పాను.

ఆయన నోరు తెరిచాడు.

"అది మీ అమ్మగారి మాట," అన్నాను. "ఇక నా మాట ఉంది. కూర్చోండి."