పడవవాడి ఆఖరి వంతు

మైనంలో పళ్లు పేర్చి, ప్లాస్టర్ గట్టిపడేలోగా ఆవిడ ఫోన్ తీసింది. కట్టుడు పళ్లు చేసే ఆ ఇరుకు గదిలో ఆవిడకు దొరికే తీరిక ఇదొక్కటే, అదీ ఆటకే పోతుంది. ఆ ఆటలో బొమ్మలుండవు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టి, వంతులవారీగా ఆన్‌లైన్‌లో కథ రాసుకుంటూ పోవడమే. ఆవిడ పాత్ర పడవవాడు. పెళ్లికి ముందు నుంచీ ఆ పడవ ఆవిడదే.

కత్తివీరుడు అప్పుడే రాశాడు. "కత్తి తీశాను. ముగ్గుర్ని నరికాను. బలం పెరిగింది."

నిన్నా ఇదే, మొన్నా ఇదే. మిగతావాళ్లూ అతని దారే పట్టారు. ఒక్కడికీ దెబ్బ తగలదు, భయం వెయ్యదు, ఓడిపోవడానికి మనసొప్పదు. ఉప్పూ కారం లేని ఆ రాతలు చదువుతుంటే ఆవిడకు ఒళ్లు మండింది.

అన్నయ్య ఆడిన రోజుల్లో ఇలాగా ఉండేది! ఇంట్లో ఒకటే కంప్యూటర్, ఒకటే కుర్చీ. చెరో సగం కూర్చుని "జరుగు" అంటే "నువ్వే జరుగు" అని తోసుకునేవాళ్లు. అన్నయ్య పాత్ర గొర్రెల కాపరి. ఎవరి వంతైనా ఎదుటివాళ్లకు ఒక ప్రశ్న వదిలి ముగించాలని ఆనవాయితీ పెట్టింది అతనే. ఒకసారి కాపరి "చెప్పు తెగింది, ఎవరి దగ్గరైనా తాడుందా?" అని అడిగితే, ఆ తాడు వెతకడంలోనే వేసవి సెలవులన్నీ గడిచిపోయాయి. ఎంత బాగుండేవో ఆ రోజులు! ఇప్పుడు అన్నయ్యకు పిల్లలు, షిఫ్టులు. కాపరి నోరు విప్పి ఏళ్లయింది.

ఆవిడ అతనికి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నా పడవవాణ్ణి ముంచేస్తున్నా. ఈ ఆటకో దణ్ణం."

"చచ్చిన పాత్ర మళ్లీ రాకూడదని రూలుంది, గుర్తుందా?"

"ఉంది. అందుకే ముంచుతున్నా. విసుగొచ్చేసింది నాకు."



"నీ పడవ, నీ ఇష్టం. ప్రశ్న మాత్రం అడిగి ముంచు."

ఆవిడ రాసింది. "నది పొంగింది. పడవ పగిలింది. పడవవాడు మెడదాకా నీళ్లలో ఉన్నాడు. ఒడ్డున ఎవరైనా ఉన్నారా?"

తర్వాతి వంతు కత్తివీరుడిది. ఏం చేస్తాడో తెలిసిందే, నదిని కూడా నరుకుతాడు. ఆవిడ ఫోన్ బోర్లించి, మైనం కరగడానికి గట్టిపడ్డ ప్లాస్టర్ అచ్చును వేడినీళ్లలో పెట్టింది. తన చేత్తో తనే ముంచుకున్నానని ఏడుపొచ్చింది.

ఫోన్ చప్పుడు చేసింది.

"ఉన్నాను. కానీ నాకు ఈత రాదు, ఆటలో గెలిచిన పాయింట్లన్నీ కత్తికే పెట్టేశాను. కత్తి పారేసి, తలపాగా విప్పి ఒక కొస నీ వైపు విసిరాను. నాకు చాలా భయంగా ఉంది. అందిందా?"

ఆవిడ మళ్లీ చదివింది. కత్తి పారేశాడు! పైగా ప్రశ్న అడిగాడు! ప్లాస్టర్ అంటిన వేళ్లతోనే గబగబా కొట్టింది.

"అందింది. కానీ నేను బరువు. ఇంకెవరైనా పట్టుకుంటారా?"

నీళ్లు మరుగుతున్నాయి. అచ్చు తియ్యాలి. ఆవిడ కదల్లేదు.

తెర మీద కాపరి పేరు వెలిగింది.

"కొంచెం జరుగు వీరుడా, నేనూ పట్టుకుంటా."