నిలబడి తీసిన ఫోటో

"పండుకుంటే ఉండదట, బిందె ఎత్తంగనే వస్తదట. గదేం నొప్పో," అని మా అత్త ఉప్పలమ్మ పక్కింటావిడతో అంటుంటే నేను బోరింగు దగ్గర మూడో బిందె నింపుతున్నాను. నాకు వినబడాలనే అంది. కోపం రాలేదు, నా మీద నాకే అనుమానం వచ్చింది. పడుకుంటే నొప్పి సగం తగ్గే మాట నిజమే. పని తప్పించుకోవడానికి నా ఒళ్ళే నాటకమాడుతోందా?

నా వెన్నెముక చిన్నప్పటి నుంచీ వంకర. కుడి భుజం పైకి ఉంటుంది. పెళ్ళైన పదకొండేళ్ళకు, 2011 వేసవిలో, మా ఆయన నగేష్ జనగామలో డాక్టరుకు చూపించాడు. "వంపు ముప్పై ఐదు డిగ్రీలు దాటితే బరువులు మొయ్యొద్దు," అని డాక్టరు ఆయనకే చెప్పాడు, చీటీ ఆయనకే ఇచ్చాడు. ఎక్స్‌రే బయట తీయించాం. కౌంటరు దగ్గర నగేష్ వంగి ఏదో చెప్పాడు. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. తర్వాత ఆయనొక్కడే ఫిల్ము తీసుకెళ్ళి వచ్చి, "డాక్టరు చూసిండు. ఇరవై ఎనిమిదేనట, పరేషాన్ కావద్దన్నడు," అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నా నొప్పిని ఎవరూ నమ్మలేదు.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. నగేష్ టీచరు. బడి బందు పెట్టి లింగాల ఘనపూర్‌లో దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. అక్కడి ముప్పై మందికీ నేనే వండి పంపేదాన్ని. ఒకరోజు అన్నం గంజు దించుతూ పొయ్యి పక్కనే కూలబడ్డాను. "మేం జీతాలిడిసి కొట్లాడుతుంటే నీకు వండుడే బరువైందా?" అన్నాడు నగేష్.

మర్నాడు బీరువాలోంచి పాత ఫిల్ము, చీటీ తీసుకొని, బస్సుల్లేక ఆటోలో జనగామ పోయి ఆ డాక్టరునే కలిశాను. మళ్ళీ ఎక్స్‌రే తీయించుకు రమ్మని పంపాడు. ఎక్స్‌రే తీసే అమ్మాయి మనీషా పాత ఫిల్ము వెలుతురుకు పట్టి చూసింది.

"పండుకోబెట్టి తీసిండ్రా అక్కా?"

"అవు. ఎట్ల తీస్తే ఏంది?"

"పండుకుంటే ఒంటి బరువు వెన్ను మీద పడదు. వంపు జర తక్కువ కనబడుతది. నిలబడితేనే అసలుది తెలుస్తది." చీటీ చూసి ఆగింది. "గిండ్ల నిలబెట్టి తియ్యమనే రాసిండు కదా."

అది ఇంగ్లీషులో ఉంది. రోజూ పిల్లలకు ఇంగ్లీషు చెప్పే మనిషి దాన్ని చదవలేదా?

చెప్పులు విప్పి ఎక్స్‌రే పలకకు ఆనుకొని నిలబడ్డాను. వంపు నలభై ఒక్క డిగ్రీలు వచ్చింది. డాక్టరు పాత ఫిల్ము తిప్పి చూసి, "ఇది నా దగ్గరికి రానే లేదమ్మా," అన్నాడు.

సాయంత్రం నగేష్ ముందు రెండు ఫిల్ములూ పెట్టాను.

"కౌంటరు కాడ ఏం చెప్పిండ్రు?"

"లైను పెద్దగ ఉండె. జల్ది తియ్యమన్న."

"డాక్టరుకు చూపిచ్చిన అన్నరు?"

ఆయన ఫిల్ముల వైపే చూస్తూ, "రెండిట్ల ఏదో ఒకటి తప్పయి ఉంటది," అన్నాడు. అత్త గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"రేపటి సంది నీళ్ళు మీరు తేండ్రి. శిబిరానికి వంట మీవోళ్ళు చేసుకుంటరు," అన్నాను. "ఫోటోలల్ల తప్పేం లేదు. రెండూ నావే. మీకు నచ్చినదాంట్ల నేను పండుకొని ఉన్న."