కంతలో ఇటుక

బొంగరం మట్టి కప్పుల బట్టీ గోడ దగ్గరగా చెంప పెట్టి చూసి, పెదవి విరిచి వెనక్కి వచ్చింది. ఇంకా సెగ కొడుతోంది. గోడ మధ్యలో పిడికిలంత కంత, దానికి బిరడాలా ఒక ఇటుక. ఆ ఇటుకను ఉత్తచేత్తో లాగి, టీ గ్లాసులా పట్టుకుని నిలబడగలిగినప్పుడే బట్టీ తెరవాలి. తనూ తమ్ముడూ ఈ రేకుల షెడ్డు తీసుకున్న రోజున పెట్టుకున్న చట్టం అది. షెడ్డులో మరో చట్టం లేదు.

ఆమె అసలు పేరు ఆర్టు కాలేజీ పట్టా మీద ఉంది. పట్టా పెట్టె అడుగున ఉంది. కుమ్మరి సారె ముందు కూర్చుంటే దాంతోపాటు తిరగడమే తప్ప లేవదని తోటివాళ్ళు పెట్టిన బొంగరం అన్న పేరే మిగిలింది. పొట్టి మనిషి. మోచేతుల దాకా మట్టి, గోళ్ళ సందుల్లో మట్టి, చెవి వెనక కూడా మట్టే. వానలో తడిస్తే ఆ చెవి వెనక మొలకలొస్తాయని పక్క షెడ్డు వెల్డరు ప్రచారం చేశాడు. ఓసారి అక్కడ కొత్తిమీర కోసుకుని కూరలో వేసుకున్నానని కూడా చెప్పేవాడు.

కోపం మాత్రం మనిషికి రెండింతలు. కాలేజీ అయ్యాక టైల్సు ఫ్యాక్టరీలో చేరింది. పొద్దస్తమానం పలకల మీద ఒకే పువ్వు అచ్చొత్తడం. కళ్ళు మూసినా అదే పువ్వు. ఒక రోజు ఆ పువ్వుకు మీసాలు గీసి, పెట్టెలో సర్దేసి, బయటికొచ్చేసింది. ఆ మీసాల పువ్వు ఎవరి స్నానాలగదిలోనో ఇప్పటికీ వాళ్ళని చూస్తూ ఉండే ఉంటుంది.

సొంత షెడ్డు పెట్టాక చుట్టాలకు ఆమె పని పనిలా కనపడలేదు. "ఖాళీగానే ఉంటావుగా, ఓ కూజా చేసిపెట్టవే" అని పిన్ని ఫోను చేసినప్పుడల్లా ఆ కోపమంతా మట్టి మీద చూపేది. మట్టి దెబ్బలు తిని మెత్తబడేది. మనుషులకు ఆ గుణం లేదు.

ఇన్నేళ్ళకు ఒక పెద్ద ఆర్డరు. "ఈ సరుకు బాగుంటే నా కొట్లన్నిటికీ ఇక కప్పులు నీవేనమ్మా" అన్నాడు టీ హోటలాయన. బాగులేకపోతే ఆమె మళ్ళీ ఫ్యాక్టరీలో ఆ పువ్వు దగ్గరికే పోవాలి. కప్పులన్నీ బట్టీలో ఉన్నాయి.

వాటిని పగలకుండా పెట్టెల్లో సర్దడానికి గడ్డి అయిపోయింది.

"ఒరేయ్, గడ్డి తెస్తా. బట్టీ జోలికి పోకు."

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అక్కా?"

"చిన్నపిల్లాడివైతే డ్రమ్ములో కూర్చోబెట్టి మూతేసి పోయేదాన్ని. ఇప్పుడు పట్టవు."

తమ్ముడిది కూడా అదే కాలేజీ. మంచి చెయ్యి, అంతకంటే మంచి నోరు. వాడు మాట్లాడితే పగిలిన కూజా కూడా అతుక్కుంటుందని వెల్డరు అనేవాడు.

గడ్డిమోపుతో తిరిగొచ్చేసరికి గేటు ముందు వ్యాను. కళ చదివే పిల్లలకు సొంత వ్యాపారం ఎలా పెట్టాలో నేర్పే సారు, తెల్లబూట్లతో, తన విద్యార్థుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఆయన జన్మలో అమ్మిన సరుకల్లా పాఠాలే. తమ్ముడు చేతులకు తోలు తొడుగులు వేసుకుని, బట్టీ వాకిలి ఇటుకలు సగం దించేశాడు. కొన్ని కప్పులు తీసి చెక్క మీద వరసగా పెట్టాడు, ఫొటోలకు. కంతలోని ఇటుక నేల మీద పడి ఉంది.

టింగ్.

సారు వేలెత్తాడు. "ష్... విన్నారా? మట్టి పాడుతోంది!"

టింగ్. టింగ్. పిల్లలు ఫోన్లు పైకెత్తారు. చప్పట్లు కొట్టారు.

గడ్డిమోపు ఆమె చేతుల్లోంచి జారింది. "పాట కాదు. పగులుతున్నాయి."

"ఏంటమ్మా?"

"నా కప్పులు! చల్లగాలి తగిలి పగులుతున్నాయి. కొట్టండి చప్పట్లు, ఇంకా పగులుతాయి!"

సారు పిల్లల వైపు తిరిగాడు. "చూశారా, నేను చెప్పేది ఇదే. నష్టానికి భయపడకూడదు."

"అయితే ఆ బూట్లు విప్పి ఇందులో పెట్టండి సారూ. భయపడకుండా."

ఒక పిల్ల నవ్వబోయి నోరు మూసుకుంది. బొంగరం తమ్ముడి తొడుగులు గుంజుకుని ఇటుకలు తిరిగి పేర్చసాగింది. లాభం లేదని తెలుసు. లోపల టింగ్ మంటూనే ఉంది.

"ఏరా, ఎందుకు తీశావు?"

"ఇన్నేళ్ళలో మనకి ఎవరూ చప్పట్లు కొట్టలేదక్కా" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

సరుకు ఎలా వచ్చిందో చూద్దామని హోటలాయన కాస్త ముందే వచ్చాడు. చెక్క మీది కప్పును స్కూటరు తాళంచెవితో కొట్టాడు. గంటలా మోగాల్సింది, చెక్కలా పలికింది. ఇంకోదాన్ని కొట్టాడు. అదీ అంతే.

"అందంగా ఉన్నాయమ్మా. కానీ టీ పోస్తే తాగేవాడి ఒళ్ళో పడుతుంది. తిట్లు నాకు."

"మళ్ళీ చేసిస్తాను."

"కొత్త కొట్టు రేపే తెరుస్తున్నా తల్లీ. గాజు గ్లాసులు తెచ్చుకుంటాలే." స్కూటరు వెళ్ళిపోయింది.

వ్యానులోంచి సారు పిలిచాడు. "ఏమయ్యా, వస్తున్నావా?"

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "సారు నన్ను వాళ్ళతో చేరమంటున్నారక్కా. కాలేజీలు తిరిగి, సొంతంగా షెడ్డు ఎలా పెట్టుకోవాలో పిల్లలకు చెప్పాలట."

"ఏం చెప్తావు?"

"మన కథే."

"అయితే చివరిదాకా చెప్పు."

పగిలిన కూజాలు అతికించే నోరు వ్యానెక్కింది. తలుపు మూసుకున్న చప్పుడు, వ్యాను మలుపు తిరిగిన చప్పుడు.

బొంగరం నీళ్ళ డ్రమ్ము దగ్గరికెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. గోళ్ళ సందులు కడుక్కుంది. చెవి వెనక కూడా కడుక్కుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర చేతులు చూస్తారు.

వెళ్తూ వెళ్తూ, కంత మూద్దామని వంగి ఇటుక మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. చెయ్యి ఊదుకుంటూ గేటు దాటింది. ఇటుక అక్కడే ఉంది. దాన్ని ఆనుకుని పడిన గడ్డిపరక ఒకటి నల్లబడి, ముడుచుకుని, సన్నగా పొగ వదులుతోంది.